పడవకు చందా

వినాయక చవితి ఇంకా ఇరవై రోజులుందనగానే మా వీధి కుర్రాళ్లు రసీదు పుస్తకాలు పట్టుకుని బయల్దేరతారు. గేటు గడియ చప్పుడు వినపడగానే మా ఆవిడ వంటింట్లోంచే ‘మీవాళ్లొచ్చారు, వెళ్లండి’ అంటుంది. ‘ఎంత రాయమంటారు మాస్టారూ?’ అని వాళ్లు. ‘పోయినేడాది ఎంతిచ్చాన్రా?’ అని నేను. పోయినేడాది పుస్తకం వాళ్ల చంకలో భద్రంగా ఉంటుంది. దాని మీద ఇంకో వంద కలిపి రాసేస్తారు. బేరం ఉండదు. శ్రీరామనవమి పందిరైనా, అమ్మవారి తీర్థమైనా, గుడికి కొత్త మైకైనా మన ఊళ్లలో అంతే. పిల్లాడి ఫీజుకు వెతుక్కునే ఇంట్లో కూడా దేవుడి చందాకు యాభై రూపాయలు పుడతాయి.

కొన్నేళ్ల కిందట ఈ కుర్రాళ్ల అన్నలు ఇంకో రకం పుస్తకం పట్టుకొచ్చారు. ఊరి చివరి చెరువు బాగుచేయిద్దామని. గుర్రపుడెక్క తీయించి, పూడిక ఎత్తించి, గట్టు మీద వేపమొక్కలు నాటిస్తామన్నారు. ఐదొందలు రాశాను. జేసీబీ రెండురోజులు తిరిగింది. మూడోరోజు నుంచి కనపడలేదు. తీసిన గుర్రపుడెక్కంతా గట్టు మీదే కుప్ప పోశారు. మొదటి వానకే అది మళ్లీ చెరువులోకి జారిపోయింది. ఎంత వసూలైందో, ఎంత ఖర్చయిందో ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకూ మొహమాటం అడ్డొచ్చింది. మరుసటి ఏడాది అదే పుస్తకంతో వస్తే వీధిలో ఒక్క గేటూ తెరుచుకోలేదు. ‘తినేశారండీ’ అని అందరూ తేల్చేశారు. నేనూ తలూపాను. అయితే ఐదొందలిచ్చిన నాటి నుంచి ఒక్కసారైనా ఆ చెరువు వైపు వెళ్లి చూసిన పాపాన పోలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఓ ఫొటో. మా మిత్రుడొకాయన జెర్సీ సిటీలో కూతురి దగ్గర ఆర్నెల్లుండి వచ్చాడు. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. దంపతులిద్దరూ నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. అవతలి ఒడ్డున న్యూయార్క్ మేడలు. ‘రోజూ సాయంత్రం ఇక్కడికే వాకింగ్. నీళ్లెంత బాగుంటాయో! మన గోదారి గుర్తొచ్చిందనుకో’ అన్నాడు. ఆ నది పేరు హడ్సన్. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో చాలామందికి ఆ బెంచీ పరిచయమే. 1960ల్లో అయితే నువ్వక్కడ ముక్కు మూసుకోకుండా కూర్చోలేకపోయేవాడివి అంటే మావాడు నమ్మలేదు.

నమ్మకపోవడంలో తప్పేం లేదు. హడ్సన్ ఉత్తరాన ఆడిరాండాక్ కొండల్లో పుట్టి సుమారు ఐదొందల కిలోమీటర్లు ప్రవహించి న్యూయార్క్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రపు పోటు ట్రాయ్ అనే ఊరి దాకా, అంటే దాదాపు సగం దూరం పైకి వెళ్తుంది. అందుకే అక్కడి ఆదిమ జాతులు దాన్ని రెండువైపులా పారే నది అనేవారు. అలాంటి నదికి ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి దక్కిన గౌరవం మురుగుకాలువది. ఒడ్డునున్న ఊళ్లన్నీ తమ మురుగును అందులోకే వదిలేవి. మాన్‌హాటన్ పడమటివైపు మురుగైతే 1986లో శుద్ధి కేంద్రం మొదలయ్యేదాకా ఉన్నదున్నట్టు నదిలోకే పోయేది. టారీటౌన్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఆ రోజు కార్లకు ఏ రంగు వేస్తున్నారో నది నీళ్లు చూసి చెప్పొచ్చని అక్కడివాళ్లు అనుకునేవారు.

ఆ నది ఒడ్డునే బీకన్ అనే చిన్న ఊళ్లో పీట్ సీగర్ ఉండేవాడు. జానపద గాయకుడు. బాంజో అనే వాయిద్యం భుజాన వేసుకుని ఊరూరా పాడేవాడు. కొండమీద కాస్త భూమి కొనుక్కుని దుంగలతో తన ఇల్లు తానే కట్టుకున్నాడు. కమ్యూనిస్టు అన్న ముద్ర ఉంది. 1955లో అమెరికా చట్టసభ కమిటీ ముందుకు పిలిచి ప్రశ్నలడిగితే జవాబు చెప్పనన్నాడు. 1961లో జైలుశిక్ష వేశారు, 1962లో పైకోర్టు కొట్టేసింది. ఏళ్ల తరబడి టీవీల్లో చోటు లేదు. అలాంటి మనిషి 1960ల నడుమ ఓ మిత్రుడిచ్చిన పాత పుస్తకం చదివాడు. అందులో ఒకప్పుడు హడ్సన్ మీద సరుకులు మోసిన తెరచాప పడవల కథ ఉంది. అది చదివాక ఆయనకు పుట్టిన ఆలోచన వింటే మనవాళ్లు నవ్వుతారు. అప్పుడు వాళ్లూ నవ్వారు. అలాంటి పెద్ద పడవ ఒకటి మళ్లీ కట్టిద్దాం, దానికి చందాలు వసూలు చేద్దాం అన్నాడు.

నది కంపు కొడుతుంటే పడవేమిటి? ఆ డబ్బుతో ఓ లాయర్ని పెట్టుకోవచ్చు, కరపత్రాలు వేయించొచ్చు. షికార్లు చేయడానికి చందాలా? ఇదీ విమర్శ. ఆ చోట నేనున్నా అదే అనేవాణ్ని. కానీ సీగర్ లెక్క వేరు. జనం నది వైపు రావడమే మానేశారు. రాని చోటు మీద ప్రేమెక్కడ పుడుతుంది? ముందు వాళ్లను ఒడ్డుకు రప్పించాలి, నీళ్ల మీదికి ఎక్కించాలి. తర్వాతి పని వాళ్లే చూసుకుంటారు.

వసూళ్లు ఎలా చేశారంటే, పాటలు పాడి. ఒడ్డునున్న ఊళ్లలో, పచ్చిక బయళ్లలో సభలు పెట్టడం, పాడటం, పాట అయ్యాక చందా అడగడం. ధనవంతులు పెద్ద మొత్తాలు ఇచ్చారు, పిల్లలు చిల్లర ఇచ్చారు. మెయిన్ రాష్ట్రంలో ఓ పడవల కార్ఖానాలో పని మొదలైంది. 106 అడుగుల పొడవు, చెక్క పడవ. 1969 మే నెలలో నీళ్లలోకి దిగింది. పేరు ‘క్లియర్‌వాటర్’, అంటే తేటనీరు. నది అప్పుడు ఎలా ఉందో తలుచుకుంటే ఆ పేరు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. సరంగుల్లో సగం మంది పాటగాళ్లే. తర్వాత ‘అమెరికన్ పై’ పాటతో పేరు తెచ్చుకున్న డాన్ మెక్లీన్ కూడా వాళ్లలో ఉన్నాడు. న్యూయార్క్ వచ్చేదాకా దారిలో రేవు రేవుకూ ఆగి కచేరీ పెట్టారు. పడవ మీద అప్పుంది మరి!

అక్కడి నుంచి ఆ పడవ చేసిన పని పాఠం చెప్పడం. బడిపిల్లలను ఎక్కించుకుంటారు. తాళ్లు వాళ్ల చేతికే ఇచ్చి తెరచాప లాగిస్తారు. వల వేసి, పడిన చేపలను తొట్టెలో వేసి చూపించి, మళ్లీ నదిలోనే వదిలేస్తారు. తమ ఊరి నదిలో చేపలుంటాయన్న సంగతి ఆ పిల్లల్లో చాలామందికి అప్పుడే తెలిసేది. అలా ఎక్కి దిగిన పిల్లలు లక్షల్లో ఉంటారు. 1970ల మొదట్లో నీటి కాలుష్య చట్టం మీద చర్చ నడుస్తున్న రోజుల్లో ఆ పడవే సంతకాల అర్జీతో వాషింగ్టన్ దాకా వెళ్లింది. 1972 అక్టోబరులో, అధ్యక్షుడు నిక్సన్ కాదన్నా వినకుండా రెండు సభలూ ఆ చట్టాన్ని గట్టెక్కించాయి. పడవ వల్లే చట్టమొచ్చిందని నేను అనను. అలా అంటే అది కోడి కూతకే తెల్లారిందన్నట్టు ఉంటుంది. కాకపోతే ఆ కూసిన కోళ్లలో ఇదీ ఒకటి.

ఈ నది కథలో భూమి పోరాటం కూడా ఉంది. దాన్ని చెప్పకుండా దాటేస్తే తప్పవుతుంది. బీకన్‌కు కాస్త దిగువన స్టార్మ్ కింగ్ అనే కొండ నదిలోకి దిగినట్టు ఉంటుంది. 1962లో న్యూయార్క్ కరెంటు కంపెనీ కాన్ ఎడిసన్ ఆ కొండను తొలిచి విద్యుత్ కేంద్రం కడతానంది. నది నీళ్లు పైకి తోడి, కొండ మీద నిలిపి, మళ్లీ కిందికి వదిలే పద్ధతి. ఆ నీళ్లతోపాటు చేపగుడ్లు, పిల్లలు కూడా పంపుల్లోకి పోతాయని చేపలవాళ్ల భయం. కొండ పోతుందని ఇంకొందరి బాధ. 1963లో ‘సీనిక్ హడ్సన్’ సంఘం పెట్టారు. చందాలు పోగేసి లాయర్లను పెట్టుకుని కోర్టుకెక్కారు. మీకు అక్కడ గజం స్థలం లేదు, మీకేం నష్టం అని ఎదుటి పక్షం వాదన. 1965లో కోర్టు, ప్రకృతి అందం మీద, దాన్ని కాపాడటం మీద శ్రద్ధ ఉన్న పౌరులకూ అడిగే హక్కు ఉందని చెప్పింది. ఆ తీర్పును అమెరికా పర్యావరణ న్యాయశాస్త్రానికి పునాదిరాయి అంటారు. గొడవ 1980 చివరిలో రాజీతో తీరింది. కంపెనీ పథకం మానుకుంది, కొండ దగ్గరి భూమిని పార్కుకు ఇచ్చేసింది. కొండ ఇప్పటికీ అక్కడే ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్లు లాయర్ల ఫీజులు కట్టడమంటే మాటలు కాదు. ఒక చవితికి పందిరి వేయడం వేరు, పద్దెనిమిది చవితులకు వరసగా చందా వసూలు చేయడం వేరు.

ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందా అని చూస్తే నాకు కనపడింది తిండి. నిజమే! బీకన్ ఊళ్లో ఏటా జూన్‌లో స్ట్రాబెర్రీ పండుగ చేస్తారు. ఒడ్డునున్న పడవల క్లబ్బువాళ్లు అక్కడికక్కడే బిస్కట్ల లాంటి రొట్టెలు కాల్చి, పండ్లు తరిగి, మీగడ గిలక్కొట్టి పైన వేసి అమ్ముతారు. వేసవి చివర్లో మొక్కజొన్న పొత్తుల పండుగ, అక్టోబరులో గుమ్మడికాయ పండుగ. పాటలు సరేసరి. వచ్చిన డబ్బు ‘ఉడీ గత్రీ’ అనే వాళ్ల చిన్న పడవ మరమ్మతులకు పోతుంది. ఆ పడవలో ఎవరినైనా ఉచితంగా తిప్పుతారు. ఈ పండుగ జరిగే ఒడ్డు ఒకప్పుడు చెత్త పోసే చోటు. ఇప్పుడది పార్కు. 2014లో దానికి పీట్, ఆయన భార్య తోషీ పేర్లు పెట్టారు.

తోషీ గురించి ఒక్కమాట. పాడింది ఆయన, చప్పట్లు ఆయనకు. కానీ క్రోటన్ పాయింట్ పార్కులో ఏటా జూన్‌లో రెండురోజులు జరుగుతూ వచ్చిన పెద్ద ‘క్లియర్‌వాటర్’ సంగీతోత్సవం వెనక లెక్కలు, మనుషులు, వంటలు, ఏర్పాట్లు చూసింది ఆవిడ. (ఆ పార్కు పక్కనే ఒకప్పుడు జిల్లా చెత్తంతా గుట్ట పోసేవారు, గమనించారా?) పండుగ చేసే ఇళ్లలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 2013లో ఆవిడ, 2014 జనవరిలో ఆయన వెళ్లిపోయారు. ఆయనకప్పుడు 94 ఏళ్లు.

నన్ను బాగా ఆకట్టుకున్న వసూలు మాత్రం ఇంకొకటి. బీకన్‌కు ఎదురుగా అవతలి ఒడ్డున న్యూబర్గ్ ఉంది. మధ్యలో నది సుమారు మైలు వెడల్పు. 2004 నుంచి ఏటా వేసవిలో ఓ రోజు అక్కడి నుంచి ఇక్కడికి ఈదుకుంటూ వస్తారు. ఈదేవాళ్లు తెలిసినవాళ్ల దగ్గర చందా పడతారు. ‘నేను నది దాటితే ఎంతిస్తావు?’ అని. ఆ డబ్బుతో నదిలోనే తేలే చిన్న ఈతకొలను ఒకటి కట్టారు. 2007లో తెరిచారు. పిల్లలు అందులో నది నీళ్లలోనే, మునిగిపోయే భయం లేకుండా ఆడుకుంటారు. టారీటౌన్ దగ్గర కార్ల రంగుతో పారిన నది అది! శుభ్రపడిందని ఏ ప్రయోగశాల కాగితం ఇస్తే మాత్రం ఇంత నమ్మకం కలుగుతుంది? కాకపోతే పెద్ద వాన పడితే మురుగు, వాననీరు కలిసిపోయి నదిలోకి పొంగడం ఇంకా పూర్తిగా ఆగలేదు. ఈతకు వెళ్లేవాళ్లు ముందు రోజుల వానను లెక్క చూసుకోవాల్సిందే.

ఇక్కడే ఓ నిజం ఒప్పుకోవాలి. కేకులమ్మిన డబ్బుతో నది శుభ్రపడలేదు. పడదు కూడా. హడ్సన్‌కు తగిలిన పెద్ద దెబ్బ వేరే. 1947 నుంచి 1977 దాకా ఎగువన రెండు ఊళ్లలో జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీల నుంచి పీసీబీలనే రసాయనాలు నదిలోకి చేరాయి. 13 లక్షల పౌండ్ల దాకా ఉంటాయని అంచనా. అంటే దాదాపు 6 లక్షల కిలోలు. అవి నీళ్లలో కొట్టుకుపోవు. అడుగున బురదలో కూర్చుని చేపల ఒంట్లోకి, తిన్నవాళ్ల ఒంట్లోకి ఎక్కుతాయి. ఆ బురద తవ్వి తీయాలని 2002లో ప్రభుత్వం తేల్చింది. 2009 నుంచి 2015 దాకా తవ్వారు. కంపెనీకి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఎన్ని స్ట్రాబెర్రీలు అమ్మితే అంత డబ్బొస్తుంది?

కానీ 1977కూ 2009కీ మధ్య ముప్పై రెండేళ్లున్నాయి. ఆ ముప్పై రెండేళ్లూ ‘తవ్వాల్సిందే, నువ్వే తవ్వాలి’ అని విసుగు లేకుండా అడిగిందెవరు? విచారణలకు వెళ్లి కూర్చుందెవరు? సభ్యత్వ రుసుము కట్టినవాళ్లు, కేకులు కాల్చినవాళ్లు, చిన్నప్పుడు తెరచాప తాడు లాగినవాళ్లు. వాళ్లతోపాటు చేపలవాళ్ల సంఘం, ‘సీనిక్ హడ్సన్’, ఇంకా ఎందరో. పండుగల్లో పోగయిన డబ్బు బురద తవ్వడానికి చాలదు, తవ్వించేవాళ్లు చెదిరిపోకుండా ఉండటానికి మాత్రం సరిపోయింది. ఇంత చేసినా గెలిచారని చెప్పను. హడ్సన్ చేపలు గర్భిణులు, పిల్లలు తినకూడదన్న హెచ్చరికలు ఇప్పటికీ ఉన్నాయి.

చేపంటే గుర్తొచ్చింది. గోదావరి జిల్లాల పాఠకులకు ఈ ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హడ్సన్‌లో షాడ్ అనే చేప ఉంది. మన పులసకు దాయాది. అదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. అదీ ఒళ్లంతా ముళ్లే. దాని శాస్త్రీయ నామానికి అర్థమే ‘మహా రుచి’ అని. పుస్తెలమ్మైనా తినాలన్నంత మాట వాళ్లకు లేకపోవచ్చు కానీ, వసంతం వస్తే చెక్క పలకలకు కొట్టి నిప్పుల సెగన కాల్చుకుని తినేవారు. షాడ్ విందులు పెట్టి నది కోసం చందాలు పోగేసిన రోజులూ ఉన్నాయి. చివరికి చేపలు బాగా తగ్గిపోయి, 2010లో హడ్సన్‌లో షాడ్ పట్టడమే నిషేధించారు. విందు చేసుకుని కాపాడుకుందామనుకున్న చేపే విస్తట్లోంచి మాయమైంది. మనకూ వరద నీటికి ఎదురీదే పులస ధవళేశ్వరం బ్యారేజీ దాకా వచ్చి ఆగుతుంది. ఏడాదికేడాది తగ్గుతోందని, ధర వేలల్లో పలుకుతోందని పేపర్లో చదువుతాం. పులస పులుసు విందు పెట్టి గోదారి కోసం వసూలు చేద్దామని ఎవరైనా అంటే మనం ఏం చేస్తామో చెప్పనా? విందుకు వెళ్తాం!

ఆ ‘క్లియర్‌వాటర్’ వాళ్లకూ అన్నీ సజావుగా జరగలేదు. చెక్క పడవంటే పాత మిద్దె లాంటిది, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కారుతుంది. మరమ్మతు భారం మీద పడి 2016లో సంగీతోత్సవం ఆపుకున్నారు. 2020లో కరోనా వచ్చి మైదానం ఖాళీ. ఆరుబయట పండుగకు ఇంకో గండం వాన. రెండురోజులు ముసురు పడితే వేదిక ఖర్చు, మైకుల ఖర్చు నెత్తిన పడతాయి. ఒక్కోసారి డబ్బు కోసం చేసే పండుగే డబ్బు తినేస్తుంది. మన టూకే రన్‌లు చూడండి. టీషర్టు, టోపీ, అరటిపండు, నీళ్లసీసా. పరుగయ్యాక చెరువుగట్టు మీద మిగిలేది ఖాళీ సీసాలు.

మన దేశంలో జరగలేదా అంటే జరిగింది. పంజాబ్‌లో కాలీ బేయిన్ అనే 160 కిలోమీటర్ల నది ఉంది. గురునానక్ గడిపిన సుల్తాన్‌పూర్ లోధీ దాని ఒడ్డునే ఉంది. ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయి కనుమరుగైన నదిలోకి 2000 సంవత్సరం జులైలో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సన్యాసి దిగాడు. ఆయన వెనక వందలమంది. వాళ్లక్కడ చందా కన్నా ముందు చేతులడిగారు. గురుద్వారాల్లో కరసేవ ఎలా చేస్తారో నదికీ అలాగే. ఊళ్లవాళ్లు పారలు, ట్రాక్టర్లు, రొట్టెలు తెచ్చారు, విదేశాల్లో ఉన్నవాళ్లు డబ్బు పంపారు. మురుగును మళ్లించి, శుద్ధి చేసి పొలాలకు పారించే ఏర్పాటు చేశారు. 2006లో రాష్ట్రపతి కలాం స్వయంగా వెళ్లి చూసొచ్చారు. సీచేవాల్‌కు 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడా కథ కంచికి చేరలేదు. పట్టణాల మురుగు పూర్తిగా ఆగితే తప్ప తీసిన గుర్రపుడెక్క మళ్లీ రానే వస్తుంది.

మన రాయలసీమలో దశబంధం ఇనాములు ఉండేవని పెద్దవాళ్లకు తెలుసు. చెరువు తవ్వించినవాడికి, గండి పడితే పూడ్చేవాడికి దాని కింద భూమి ఇచ్చేవారు. ఆ భూమి పండాలంటే చెరువు నిండాలి. అంటే కాపలాదారు తిండి చెరువులోనే ఉండేది. మంచి ఏర్పాటు. తర్వాత్తర్వాత చెరువు సర్కారుదైంది, పూడిక ఎవరిదీ కాకుండా పోయింది.

మొన్న ఆదివారం కుర్రాళ్లు రానే వచ్చారు. రసీదు పుస్తకం మీద కొత్త వినాయకుడి బొమ్మ.

‘నిమజ్జనం ఎక్కడ్రా ఈసారి?’ అన్నాను.

‘కాలువకే మాస్టారూ. మన చెరువులో ఎక్కడున్నాయండీ నీళ్లు? మోకాళ్లు కూడా తడవవు. పోయినేడాది స్వామి సగం పైకే ఉండిపోయాడు కదండీ.’

నాకు తెలియదు. పోయినేడాది నిమజ్జనానికి నేను మా వీధి మలుపు దాకానే వెళ్లాను.

‘చవితికి ఐదొందల యాభై రాయి. చెరువుకు విడిగా ఇంకో ఐదొందలు రాయి. కానీ ఈసారి పైసాతో సహా లెక్క రామాలయం గోడ మీద సుద్దముక్కతో రాయాలి. ఎవరెంతిచ్చారో, దేనికెంత పోయిందో’ అన్నాను, పాత బడిపంతులు గొంతుతో.

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో కాస్త పొడుగ్గా ఉన్నవాడు, పాత జేసీబీ కుర్రాడి తమ్ముడు, తల గోక్కున్నాడు. ‘మా అన్నయ్యవాళ్లు తినలేదండీ. జేసీబీ వాడికి మూడోరోజు డీజిల్‌కు డబ్బుల్లేవు. గట్టు మీద చెత్త ఎత్తించడానికి మనుషుల్ని పిలిస్తే ఒక్కళ్లూ రాలేదండీ. లెక్కల కాగితం మా ఇంట్లో ఉంది, తెమ్మంటారా?’

‘తీసుకురా’ అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

‘లెక్క మీరే రాయండి మాస్టారూ. కానీ ఆదివారం పొద్దున్నే ఆరింటికి గట్టు మీదికి రావాలండీ మరి. వస్తారా?’

నా మోకాళ్ల నొప్పి సంగతి ఎలా చెప్పాలా అని చూస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. ‘వస్తార్లే నాయనా, రాసుకో.’

చెరువుకు విడిగా రసీదు పుస్తకం లేదు. కుర్రాడు చవితి రసీదే ఇంకోటి చింపి, స్వామి పేరున్న చోట అడ్డంగా ఓ గీత కొట్టబోయి, చెయ్యాడక, ఆ పేరు కిందే చిన్న అక్షరాలతో ‘చెరువు’ అని రాసిచ్చాడు.